వలకు లైసెన్సు, మురుగుకు స్వాగతం

హైదరాబాద్ చెరువులో చట్టబద్ధంగా చేప పట్టదలచినవారు సాధారణంగా మత్స్య సహకార సంఘంలో, అనగా చేపల వేటే జీవనాధారమైనవారు కలిసి నమోదు చేసుకున్న సంఘంలో, సభ్యులై ఉండాలి. ఆ సంఘం మత్స్యశాఖ నుంచి వేట హక్కును కౌలుకు, అంటే నిర్ణీత కాలానికి సొమ్ము చెల్లించి, పొంది ఉండాలి. నీరు నీటిపారుదల శాఖ లెక్కలోనూ, గట్టు నగరపాలక సంస్థ లెక్కలోనూ, ఎఫ్‌టీఎల్, అనగా చెరువు నిండినప్పుడు నీరు పరచుకునే హద్దు, 2024లో ఏర్పడిన హైడ్రా అనే ప్రభుత్వ సంస్థ లెక్కలోనూ ఉండగా, చేప మాత్రం ఎవరి లెక్కకూ పూర్తిగా చిక్కక ఫైళ్ల మధ్య ఈదుతుంటుంది.

1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం వ్యర్థజలం వదలడానికి సైతం కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి తప్పనిసరి అయినప్పటికీ, మురుగు ఏ సంఘంలోనూ చేరక, ఏ కౌలూ కట్టక, నాలాల వెంట రాత్రింబవళ్లు చెరువులోకి దిగి, నీటిలోని ప్రాణవాయువును హరించి, వల వేయకుండానే చేపలను గుట్టలుగా ఒడ్డుకు చేరుస్తుంది. వేటలో ఇంతటి నేర్పరిని లైసెన్సు అడిగే తీరిక శాఖలకు చిక్కడం లేదు. వల పట్టినవారి కాగితాల కంటే ముందు నాలా కాగితాలను తనిఖీ చేయడమే న్యాయం.