రోము బాకీ

రోములో రెండు వేల ఏళ్ళ కిందట ప్లినీ అని ఒక పెద్దమనిషి ఉండేవాడు. లోకంలో ఉన్న సంగతులన్నీ ఒకే పుస్తకానికి ఎక్కించాలని కూర్చున్న మనిషి. రాస్తూ రాస్తూ ఇండియా దగ్గరికి వచ్చేసరికి ఆయనకు కడుపు మండింది. ఏటా ఐదు కోట్ల సెస్టర్సుల సొమ్ము ఆ దేశం గుంజుకుంటోంది, వాళ్ళు పంపే సరుకేమో ఇక్కడ నూరింతల ధరకు అమ్ముడుపోతోంది అని లెక్కగట్టి మరీ వాపోయాడు. ఆ సొమ్ము ఎటు పోయిందో ఆయనకు తెలియదు. కొంత మనకు తెలుసు. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో పదిహేను వందల పైచిలుకు రోమన్ వెండి నాణేలు ఒక్కచోటే బయటపడ్డాయి. ఏ సరుకుకు బదులుగా వచ్చాయో గానీ, బ్యాంకులూ లాకర్లూ లేని ఆ కాలంలో మన జిల్లా మనిషి ఎవరో వాటిని భూమికి అప్పజెప్పి తన దారిన తాను పోయాడు.

ప్లినీ ఇక నిశ్చింతగా ఉండొచ్చు. బాకీ తీరుతోంది. మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట మూడూ కలిసి వాయిదాల మీద కడుతున్నాయి.

కట్టేది మన అన్నా వదినలు. ఏ వీధి వాళ్ళని అడక్కండి, ప్రతి వీధిలోనూ ఒక జంట తేలుతుంది. అన్నకు రైస్ మిల్లో, పెట్రోలు బంకో, ఎరువుల దుకాణమో ఉంటుంది. పిల్లాడు న్యూజెర్సీలో ఉంటాడు. అమ్మానాన్నల పెళ్ళయి పాతికేళ్ళు నిండాయని వాడు యూరప్ టూరు బుక్ చేస్తాడు. తొమ్మిది రోజుల్లో ఆరు దేశాలు. అందులో రోము వాటా ఒకటిన్నర రోజు. రెండు వేల ఏడు వందల ఏళ్ళ చరిత్ర గల ఊరికి అంతకన్నా ఇస్తే స్విట్జర్లాండ్ మంచుకు తక్కువ పడుతుంది.

ముందు వీసా యాగం. మనిషికి 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగిరావు. ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఐటీ రిటర్నులు, 30 వేల యూరోలకు తగ్గని వైద్య బీమా, తిరుగు టికెట్టు. మిల్లూ, పొలమూ, బైపాసు పక్కన రెండు ప్లాట్లూ ఉన్న మనిషి, అయ్యా నేను మీ దేశంలో ఉండిపోను, తప్పక తిరిగిపోతాను అని కాగితాలతో రుజువు చేసుకోవాలి. తహసీల్ ఆఫీసులో ఒక్క జిరాక్సు అడిగితే అంతెత్తున లేచే అన్న, హైదరాబాద్ వీసా కేంద్రంలో పది వేళ్ళ ముద్రలూ వేసి, మెడ వంచి ఫొటో దిగి, థాంక్యూ మేడమ్ అని బయటికొస్తాడు. ఆ వినయం ఆయనలో ఉందని పాతికేళ్ళ కాపురంలో వదినకు మొదటిసారి తెలుస్తుంది.

టూరు పేరు మీద ‘ఫుడ్ అండ్ హెరిటేజ్’ అని ఉంటుంది. ఈ ఫుడ్ సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. పెట్టెలో సగం బట్టలు, సగం వంటిల్లు. ఆవకాయ, కందిపొడి, కరివేపాకు పొడి, పులిహోర పేస్టు, సకినాలు, నీళ్ళు పోస్తే ఉప్మా అయ్యే పొట్లాలు, వాటికోసం ఒక కరెంటు కెటిల్. మాంసమూ పాల సరుకూ సామానులో తేకూడదని యూరప్ వాళ్ళ చట్టం. అందుకని నాటుకోడి పచ్చడీ నెయ్యి సీసా ఆగిపోతాయి. అంటే చట్టానికి భయపడి ఆగిపోతాయని కాదు, పెట్టె బరువు మించి ఆగిపోతాయి. రోము హోటల్ గదిలో పొద్దున్నే ఉప్మా తిరగమోత వాసన (తిరగమోత పొట్లంలోనే ఉంటుంది) గుప్పుమంటుంది. అదే సమయానికి వదిన స్టేటస్‌లో ఒక ఫొటో పడుతుంది: ‘ఇటాలియన్ బ్రేక్‌ఫాస్ట్ విత్ హబ్బీ’. ఫొటోలోది ఎదురు బల్ల వాళ్ళ కాఫీ.

మధ్యాహ్నం గ్రూపంతా కలిసి రోము వంటకం తినాల్సిందే అని గైడు తీసుకుపోతాడు. కార్బొనారా అని ఒకటుంది. గుడ్డు, గొర్రెపాల చీజు, మిరియాలు, పంది దవడ మాంసం. చివరి మాట వినగానే బల్ల సగం ఖాళీ. మిగిలిన సగం, అది తీసేసి చేయగలరా, కొంచెం పచ్చిమిర్చి వేయగలరా, అన్నం ఉందా అని మూడు ప్రశ్నలు వేస్తుంది. వంటవాడు లోపల్నుంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి పోతాడు. ఇక్కడ ఒక మాట ఆయన పక్షాన కూడా చెప్పాలి. పంది దవడ తీసేసిన కార్బొనారా అడగడమంటే కోదాడ హైవే హోటల్లో కూర్చుని, బిర్యానీ ఇవ్వండి కానీ మసాలా తీసేయండి అనడమే. రాత్రికి ఇండియన్ రెస్టారెంట్. పనీర్ బటర్ మసాలా, జీరా రైస్, ఒక గులాబ్ జామూన్. తొమ్మిది రాత్రులూ ఇదే మెనూ, దేశాలు మాత్రం మారుతుంటాయి.

బిల్లు దగ్గర ఇంకో విద్య నేర్చుకుంటారు. రోములో కాఫీ నిలబడి తాగితే ఒక రేటు, కూర్చుని తాగితే ఇంకో రేటు. కొన్ని హోటళ్ళలో బల్ల ముందు కూర్చున్నందుకు కోపెర్తో అని తలకింత వేస్తారు. సూర్యాపేటలో బస్సు ఆగిన చోట టీ ముప్పై రూపాయలంటే, ‘ఏందయ్యా, దోపిడా?’ అని మేనేజరును పిలిపించిన అన్న, కుర్చీ కిరాయి చూసి, ‘సిస్టమ్ అంటే ఇదిరా’ అని మెచ్చుకుంటాడు. ఆ ఊళ్ళో వీధి వీధికీ మంచినీళ్ళ కుళాయిలుంటాయి, దాదాపు 2,500. ఇరవై నాలుగు గంటలూ చల్లటి నీళ్ళు ఉచితంగా కారుతూనే ఉంటాయి. వాటి ముందు నిలబడి ఫొటో దిగి, పక్క బండి మీద నీళ్ళ సీసా కొంటారు.

ట్రేవి ఫౌంటెన్ దగ్గర బాకీ నేరుగానే జమవుతుంది. వీపు తిప్పి నిలబడి, కుడి చేత్తో ఎడమ భుజం మీదుగా నాణెం వేస్తే మళ్ళీ రోముకు వస్తారని నమ్మకం. అట్లా పడే చిల్లర ఏడాదికి సుమారు పదిహేను లక్షల యూరోలు. దాన్ని తీసి కారితాస్ అనే క్రైస్తవ సేవాసంస్థకిస్తారు, పేదల భోజనాలకూ ఇతర సాయాలకూ వాడతారు. మిర్యాలగూడ వడ్ల పైసలతో రోములో అన్నదానం జరగడం నాకు సంతోషమే. ఇదే అన్న దామరచర్ల దాటి వాడపల్లి పోయి, కృష్ణా మూసీ కలిసే చోట రూపాయి బిళ్ళ వేయబోయి, చేతికి ఐదు రూపాయల బిళ్ళ తగిలితే వెనక్కి పెట్టి వెతుక్కుంటాడు.

ఇక అసలు ఘట్టం కొలోసియం. క్రీ.శ. 80లో తెరిచారు. ప్లినీ ఆ ముందటేడే వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు చనిపోయాడు కాబట్టి చూడలేకపోయాడు, మన అన్న చూశాడు. 18 యూరోల టికెట్టు, గంట క్యూ, చెవిలో గైడు మాట. బయటికొచ్చాక అన్న ఒక నిట్టూర్పు విడిచి, మూడూళ్ళ వాట్సాప్ గ్రూపులకూ ఒకేసారి చేరేటట్టు వాయిస్ మెసేజ్ పెడతాడు: ‘చరిత్ర అంటే ఈళ్ళదిరా తమ్మీ. ఎట్ల కాపాడుకున్నరు సూడు! మన కాడ ఏమున్నది సూడనీకి? రాళ్ళు.’

కొలోసియం దేనితో కట్టారని ఆయన అనుకున్నాడో నాకు తెలియదు.

‘కాపాడుకున్నరు’ అన్న మాట దగ్గర ఆగుదాం. కొలోసియాన్ని రోము వాళ్ళు వందల ఏళ్ళు రాతి క్వారీ చేసుకున్నారు. పాలరాయి కాల్చి సున్నం తీశారు, ఇనుప బిగింపులు పెరికారు, రాళ్ళు బండ్ల మీద తోలి రాజభవనాలకూ చర్చిలకూ వాడారు. లోపల ఇళ్ళూ దుకాణాలూ పెట్టుకున్నారు. 1749లో పోప్ పద్నాలుగో బెనెడిక్ట్, ఇది క్రైస్తవ అమరుల నెత్తురు పడిన చోటు అని ప్రకటించాక గానీ రాళ్ళ దోపిడీ ఆగలేదు. పాంథియన్ అనే పాత గుడి ముఖమండపంలోని కంచును 1600లలో ఎనిమిదో అర్బన్ అనే పోప్ ఊడబీకించి ఫిరంగులు పోయించాడు. రోము వాళ్ళు మనకన్నా బుద్ధిమంతులేం కారు. మనకన్నా ముందు పాడుచేశారు, మనకన్నా ముందు టికెట్టు పెట్టారు.

సరే, ‘మన కాడ ఏమున్నది’ అన్న ప్రశ్నకు జవాబు అన్న మిల్లులోనే ఉంది. మెట్ల వరసలతో కట్టిన ఆటస్థలం మన దగ్గరా ఒకటుండేది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, నాగార్జునకొండ లోయలో. బౌద్ధ విహారాలు, స్తూపాలు, స్నానఘట్టాలు, వాటి మధ్య ఈ ఇటుకల రంగస్థలం. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునగబోతోందని పురావస్తు శాఖ వాళ్ళు హడావుడిగా తవ్వారు, దొరికినంత తవ్వారు, మోయగలిగినంత మోశారు. కొన్ని కట్టడాలను కొండ మీదికి, కొన్నింటిని అనుపుకు తరలించి మళ్ళీ పేర్చారు. మిగతాది నీళ్ళ కింద ఉంది. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ చేలకు పారాయి. నీళ్ళకు వరి, వరికి మిల్లులు, మిల్లులకు లారీలు, లారీలకు పెట్రోలు బంకులు, అన్నిటికీ కలిపి ఒక న్యూజెర్సీ పిల్లాడు, ఆ పిల్లాడి వల్ల రోము టికెట్టు. ఒక పాత నగరాన్ని ముంచిన నీళ్ళతో పండిన పంట డబ్బు, ఇంకో పాత నగరం చూడటానికి ఖర్చయి, అక్కడ నిలబడి, మన దగ్గర ఏమీ లేదంటోంది. డ్యామ్ వద్దనేవాణ్ని కాదు నేను, ఆ అన్నం తినే పెరిగాను. కానీ మునిగిన ఊరి పేరైనా తెలియకుండా బలిసిన ప్రాంతం లోకంలో ఇంకోటి ఉందా అని అప్పుడప్పుడు అనుకుంటాను. అనుపు రంగస్థలం మిర్యాలగూడ నుంచి హాలియా మీదుగా పోయి డ్యామ్ దాటితే వస్తుంది. అన్న అటు పోతాడు. గేట్లు ఎత్తినప్పుడు నీళ్ళు చూడటానికి, చేపల ఫ్రై తినడానికి.

జంటల సంగతే కావాలంటే సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి ఉంది. రేచర్ల రెడ్ల కాలపు గుళ్ళు. అందులో ఎరకేశ్వరాలయం 1208 నాటిది, బేతిరెడ్డి భార్య ఎరకసాని పేరు మీద వెలిసింది. భార్య పేరు ఎనిమిది వందల ఏళ్ళు రాతి మీద నిలబెట్టడం ఒక పద్ధతి. రోములో మిల్వియో వంతెన మీద జంటలు పేర్లు రాసి తాళం వేసి, తాళంచెవి నదిలో పడేయడం ఇంకో పద్ధతి. ఆ తాళాల బరువుకు దీపస్తంభం ఒరిగిపోయింది, 2012లో అన్నీ కోసి తీసేశారు. అన్న అయినా ఒక తాళం కొన్నాడు, వేయడానికి చోటు లేక ఇంటికి తెచ్చాడు, ఇప్పుడది మిల్లు గోడౌనుకు ఉంది.

రోములోనే స్పానిష్ మెట్ల మీద కూర్చుంటే 2019 నుంచి జరిమానా, 400 యూరోల దాకా. వదిన మోకాళ్ళ నొప్పితోనే నిలబడింది. పిల్లలమర్రి మంటపంలో పొద్దుగూకే దాకా కూర్చున్నా అడిగేవాడు లేడు. అడిగేవాడు లేకపోవడమే మనకు పనికిమాలినతనానికి గుర్తు.

ఫణిగిరి సంగతి ఇంకా తమాషా. సూర్యాపేట జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రం శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు పోయాయి. 30 డాలర్ల టికెట్టు కొని అమెరికన్లు వాటి చుట్టూ తిరిగారు. మరుసటేడు అదే కొండ మీద 3,730 సీసపు నాణేలు దొరికాయి. న్యూజెర్సీ పిల్లాడు మ్యూజియం నుంచి తోరణం ఫొటో పంపి, ‘డాడీ, ఇది మన సూర్యాపేటదట, చూశావా?’ అని అడిగితే, డాడీ ఏమన్నాడో ఊహించండి. ‘మంచిగున్నదిరా. అది చూడనీకి అమెరికా వీసా ఎప్పుడు వస్తదో!’

రోములో అన్నకు నిజంగా నచ్చిన చోటు ఒకటుంది, పాంథియన్. దాని నుదుటి మీద పెద్ద పెద్ద లాటిన్ అక్షరాలుంటాయి. ఏం రాసుందని గైడును రెండుసార్లు అడిగాడు, మాట్లాడుతుంటే వీడియో తీశాడు. అగ్రిప్ప అనేవాడు కట్టించాడని రాసుందట. అంటే దాత పేరు. అన్నకు వెంటనే అర్థమయింది, ఆ విషయంలో ఆయనకు అనువాదం అక్కర్లేదు. ఊళ్ళోకి రాగానే పాత శివాలయం జీర్ణోద్ధరణ కమిటీకి చైర్మన్ అయ్యాడు. గర్భగుడి దాకా గ్రానైట్ పలకలు, రాతి స్తంభాలకు బంగారు రంగు ఎనామిల్, గుమ్మం మీద తనదీ వదినదీ పేర్లు, ఇంటి పేరుతో సహా. పెయింటరు బ్రష్ పట్టుకుని ఒక స్తంభం దగ్గర ఆగాడట. ‘సేటూ, ఈ రాయి మీద పాతకాలం అచ్చరాలున్నయి, ఏం జేయమంటరు?’

‘గవి ఎవనికి సదవొస్తయి గని,’ అన్నాడు అన్న, ‘రెండు కోట్లు ఎయ్యి. లోతుగున్నయి, ఒక్క కోటుకు మూసుకపోవు.’