పలక మీద ఇరుసు లెక్క

జీపుకి ఇరుసులు మారుస్తానని ఇంట్లో ప్రకటించిన రోజున మా ఆవిడ అటక మీది నుంచి మా వాడి చిన్నప్పటి పలక దించి నా చేతిలో పెట్టింది. "ఖర్చులు దీని మీద రాసుకోండి. తుడిచేసుకోవడానికి తేలిగ్గా ఉంటుంది" అంది. చెక్క చట్రం ఒక మూల ఊడిన ఆ పలక మా మార్కాపురం రాయే. దాని మీద ఓనమాలు దిద్దినవాళ్లు ఎంతమందో గానీ, గేరు రేషియో దిద్దినవాణ్ణి మటుకు నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ముప్పై ఏళ్లు పిల్లలకు నిష్పత్తి, అనుపాతం చెప్పి రిటైరయ్యాక చేతికొచ్చిన డబ్బులో ఒక ముక్క పెట్టి పాత మహీంద్రా ఎం.ఎం. 540 కొన్నాను. నల్లమల పక్కనే ఉండి జీపు లేకపోవడమంటే సముద్రం ఒడ్డున కాపురముండి చేప తినకపోవడమే అని వాదించాను. "మనం చేపలు తినం" అంది ఆవిడ.

అంతటితో ఆగినా బాగుండేది. హైదరాబాదు నుంచి వచ్చిన మా మేనల్లుడు జీపు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "మామయ్యా, ఈ 28 అంగుళాల టైర్లేంటి, ఆటోలా ఉంది. 31 వెయ్యి, లుక్కే మారిపోద్ది" అన్నాడు. వేశాను. లుక్కు మారింది. ఊరి బయట పలకల క్వారీల దగ్గర, పనికిరాని రాతి చెక్కలు గుట్టలుగా పోసినచోట ఒక ఎగువ దారి ఉంది. పాత టైర్లతో గొణుక్కుంటూ అయినా ఎక్కే జీపు, కొత్త టైర్లతో సగం దూరం వెళ్లి దగ్గి ఆగిపోయింది. వెనకాల వస్తున్న ట్రాక్టరబ్బాయి హారను కూడా కొట్టలేదు. పెద్దాయనని మర్యాద ఇచ్చి పక్కనుంచి ఎక్కేశాడు.

గిద్దలూరు రోడ్డులో ఒక రేకుల షెడ్డు. మేస్త్రీని అందరూ భాయ్ అనే పిలుస్తారు. జీపు కిందికి దూరి, బయటికొచ్చి, చేతులు కిరసనాయిలు గుడ్డకి తుడుచుకుంటూ, "టైరు పెంచినావు, క్రౌను పెంచలే. ఎట్ల ఎక్కుద్ది సార్?" అన్నాడు. నిష్పత్తి పాఠం నాకు చెప్పిన మొదటి మనిషి ఆయనే.

సంగతి ఇది. ఇంజను నుంచి వచ్చే షాఫ్టు చివర పీనియన్ అనే చిన్న పళ్లచక్రం, ఇరుసు మధ్యలో క్రౌను అనే పెద్ద పళ్లచక్రం ఉంటాయి. క్రౌనుకి 39 పళ్లు, పీనియన్‌కి 8 ఉంటే షాఫ్టు దాదాపు 4.88 సార్లు తిరిగితే గానీ చక్రం ఒక చుట్టు తిరగదు. 43 పళ్లుంటే 5.38 సార్లు. అంకె పెరిగేకొద్దీ లాగుడు పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది. టైరు పెద్దదైతే ఇదంతా తిరగబడుతుంది. నా 4.88ని 28తో గుణించి 31తో భాగిస్తే పలక మీద తేలింది 4.41. అంటే మేనల్లుడి లుక్కు కోసం ఇంజను లాగుడులో పదోవంతు వదిలేసుకున్నాను.

ఇక్కడొక ముచ్చట చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో తిరిగిన విల్లీస్ జీపుకి 4.88 రేషియో సరిపోయింది. యుద్ధం ముగింపుకొచ్చాక 1945లో అదే జీపుని రైతులకి అమ్మబోయినప్పుడు కంపెనీ వాళ్లు 5.38 చేశారు. బాంబుల మధ్య నడవడానికి 4.88 చాలింది గానీ దుక్కి దున్నడానికి చాల్లేదు. ఆ జీపులనే 1947 నుంచి మహీంద్రా మన దేశంలో బిగించడం మొదలుపెట్టింది. ఈ చరిత్రంతా చెబితే భాయ్, "అయితే మనం కూడా 43-8 వేద్దాం" అన్నాడు. ఆయనకి కావలసింది చరిత్ర కాదు, ఆర్డరు.

విప్పి బిగించే ఖర్చు ఎందుకని పాత సామాను కొట్టులో ముందుదీ వెనకదీ మొత్తం ఇరుసులే తెచ్చాం. రెండూ 43-8 అని కొట్టతను తిరుపతి వెంకన్న మీద ఒట్టేశాడు. నా పాత ఇరుసులు తీసుకుని ధర కొంచెం తగ్గించాడు. ఇరుసుకి కందెన పెట్టాలని సుమతీ శతకకారుడు ఏనాడో చెప్పాడు గానీ మూత విప్పి పళ్లు లెక్కపెట్టుకోమని చెప్పలేదు. 90 నంబరు ఆయిలు పోసి బిగించేశాం.

దిగువమెట్ట దాటి నంద్యాల వైపు ఘాట్ ఎక్కుతుంటే జీపు పాట పాడుకుంటూ పోయింది. ఆ ఉత్సాహంలో, నున్నటి తారురోడ్డు మీద, ఏ అవసరమూ లేకుండా, ఫోర్ వీల్ లివరు లాగాను. కాస్త దూరం పోయేసరికి కింద ఎవరో మూలిగినట్టు చప్పుడు. స్టీరింగు రాయిలా బిగిసింది. లివరు వెనక్కి లాగితే రాదు. పిట్టగోడ మీద కోతులు వరసగా కూచుని చూస్తున్నాయి. చివరికి జీపుని పదడుగులు వెనక్కి నడిపితే లివరు టక్కుమని ఊడొచ్చింది.

మర్నాడు షెడ్డులో విచారణ. వెనక చక్రం ఒకటి జాకీ మీద లేపారు. షాఫ్టు మీద బలపంతో ఒక గీత, టైరు మీద ఒక గీత. చక్రం ఒక చుట్టు తిప్పి షాఫ్టు చుట్లు లెక్కపెట్టాను. రెండుముప్పావుకి కొంచెం తక్కువ. "రెండుముప్పావు కూడా లేదు, ఇది జీపు ఇరుసేనా?" అని నేను కంగారు పడుతుంటే, పానాలందించే పిల్లాడు కిసుక్కున నవ్వాడు. "ఒక చక్రం నేల మీదుంది గద సార్. డిఫరెన్షియల్ సగం మింగుద్ది. రెండు చుట్లు తిప్పాల." తిప్పాను. అయిదు దాటి మూడోవంతు. వెనకది 43-8, న్యాయమే. ముందుదీ అలాగే తిప్పాం. అయిదుకి వీసమెత్తు తక్కువలో ఆగింది. అది 39-8.

అంటే వెనక ఇరుసు పది మీటర్లు పోయేలోగా ముందుది పదకొండు పోదామంటోంది. ఇసకలోనో బురదలోనో అయితే ఏదో ఒక చక్రం జారి తగువు తీరుతుంది. తారు మీద జారదు కాబట్టి కోపమంతా గేర్లలోనే బిగుసుకుంటుంది. ఒంగోలు గిత్తనీ దున్నపోతునీ ఒకే కాడికి కట్టినట్టు. అసలు దెబ్బ అది కాదు. హౌసింగు మీద తుప్పు గోకుతున్న భాయ్, నేను జీపు కొన్న రోజున వేయించుకున్న ఆకుపచ్చ రంగు మరకని చూపించాడు. నా ముందు ఇరుసునే నేను తిరిగి కొనుక్కున్నాను. డబ్బిచ్చి.

ముందుదానికి 43-8 క్రౌను సెట్టు వెతికి, షిమ్ములు పెట్టి, పళ్లకి రంగు పూసి ఎక్కడ రాసుకుంటున్నాయో చూసి బిగించడానికి ఇంకో పది రోజులు పట్టింది. ఈలోగా లాయరు మిత్రుడొకడు చల్లటి కబురు మోసుకొచ్చాడు: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, దాని మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పు, కంపెనీ ఇచ్చిన కొలతలకి విరుద్ధంగా బండిని మార్చకూడదట. ఇక నల్లమలంటారా, పులుల అభయారణ్యంలో దారి వదిలి నడపడానికి నాకు ఏ రేషియో ఉన్నా గేటు దగ్గర పనికిరాదు.

మొన్న క్వారీ ఎగువ ఎక్కించాను. గొణుక్కుంటూ, పాతరోజుల్లో లాగే, ఎక్కింది. విజయం వినిపిద్దామని పలక తీసుకుని వంటింట్లోకి వెళ్లాను. ఆవిడ పప్పు తాలింపు ఆపి, కళ్లజోడు పెట్టుకుని లెక్క చదివింది.

"మొదట్లో ఎంత ఉండేది?"

"4.88."

"ఇప్పుడు?"

"5.38ని 28తో గుణించి 31తో భాగిస్తే... 4.86."

"అంటే ఉన్నచోటికే వచ్చారు."

"అలా కాదు. టైరు మూడంగుళాలు పెరిగింది కదా, ఇరుసు నేల నుంచి ఒకటిన్నర అంగుళం పైకి లేచింది. రాళ్లు తగలవు."

ఆవిడ పలక కింది వరసలో ఉన్న మొత్తాన్ని వేలితో ముట్టుకుంది. "ఒకటిన్నర అంగుళానికా ఇంత?"

నేను తడిగుడ్డ కోసం చుట్టూ చూశాను. స్టవ్ గట్టు తుడిచేది ఆవిడే అందించింది.