24 గేర్లు విప్పి 12 బిగించిన బావగారు

ప్రతి కుటుంబంలోనూ, కాకపోతే ప్రతి ఆఫీసులోనూ, ఇలాంటి బావగారు ఒకరు ఉంటారు. శనివారం పొద్దున్నే ఆయన మౌంటెన్ బైకు బాల్కనీలో శీర్షాసనం వేసి ఉంటుంది. పక్కన నిన్నటి పేపరు, దాని మీద వరసగా పరిచిన మరలు, పాత టూత్‌బ్రష్షు, వంటింట్లోంచి చెప్పాపెట్టకుండా వచ్చేసిన స్టీలు గిన్నెలో డీజిలు. ఏం చేస్తున్నారంటే "డ్రైవ్‌ట్రెయిన్ అప్‌గ్రేడ్" అంటారు, గర్భగుడిలో ఉన్నవాడిలా గొంతు తగ్గించి. తొక్కిన బలాన్ని వెనక చక్రానికి చేరవేసే సరంజామా అంతటికీ అది పెద్ద పేరు: క్రాంకు, ముందు పళ్ళచక్రాలు, చైను, వెనక పళ్ళచక్రాల గుత్తి అయిన క్యాసెట్టు, చైనుని ఒక చక్రం మీంచి ఇంకోదాని మీదికి తోసే డీరైలరు. ఆయన బైకు బాగుచేసుకుంటున్నారని చూసేవాళ్ళు అనుకుంటారు. ఆ నమ్మకం తప్పని నా వాదన. బైకు బాగుపడితే బావగారికి ఆదివారం ఏం తోస్తుంది? ఆయనకి కావలసింది ఇంకా పని మిగిలి ఉన్న బైకు.

మొదటి సాక్ష్యం అంకెల్లోనే ఉంది. పాత ఏర్పాటులో ముందు 42, 32, 22 పళ్ళవి మూడు చక్రాలు, వెనక 11 నుంచి 34 పళ్ళ దాకా ఎనిమిది. మూడెనిమిదులు 24 గేర్లు. ఇప్పుడు బిగించేది ముందు 32 పళ్ళది ఒక్కటే, వెనక 10 నుంచి 51 దాకా పన్నెండు. అంటే డబ్బు పోసి గేర్లు సగం చేసుకోవడం. ఎక్కుడుకి పనికొచ్చే అన్నిటికన్నా తేలిక గేరులో, పెడలు ఒక చుట్టు తిరిగితే పాత బైకు చక్రం 0.647 చుట్టు తిరిగేది, కొత్తది 0.627 తిరుగుతుంది. తేడా మూడు శాతం. బావగారూ బైకూ కలిపి వంద కిలోలనుకుంటే, ఆయన మూడు కిలోలు తగ్గినా ఎక్కుడులో అదే సుఖం, పైగా పానా ముట్టుకోనక్కర్లేదు. ఇక చదును మీద పెద్ద గేరు 3.8 నుంచి 3.2కి పడిపోయింది, సుమారు ఆరో వంతు నష్టం. ఆయన ఎక్కువగా తొక్కేదేమో హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు పక్కన, సోలారు పలకల నీడలో 23 కిలోమీటర్లు సాగే సైకిలు బాట మీద. అక్కడ బురద లేదు, బండరాళ్ళు లేవు. పారేసుకున్న ఆ పెద్ద గేరే అక్కడ అక్కరకొచ్చేది.

దీనికి అప్‌గ్రేడు పక్షం వారి దగ్గర జవాబుంది, అది బలమైనదే. 24లో చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్ళు. ముందు డీరైలరు పోతే ఒక పీడ పోయినట్టే. రాళ్ళ మీద దూకేటప్పుడు చైను ఊడి పడదు. విడిభాగాలు చేసే స్రామ్ కంపెనీ 2012లో ముందు ఒకటి, వెనక పదకొండు అన్నదీ, 2016లో దాన్ని పన్నెండు చేసిందీ, దాని పోటీదారు షిమానో 2018లో ఖరీదైన ఎక్స్‌టీఆర్‌తో మొదలుపెట్టి 2020కల్లా చవకైన డియోర్ దాకా దించిందీ ఈ కారణాలకే. రాళ్ళ మీద దూకేవాళ్ళకి అది వరం, ఒప్పుకుంటాను. కానీ సరళంగా ఉంటుందని తెచ్చిన ఆ పన్నెండు చక్రాలు బావగారి చేతిలో ఎంత పని పుట్టిస్తాయో చూడండి. చక్రాల మధ్య సందు సన్నం కాబట్టి కేబులు బిగువు పావు చుట్టు తేడా వచ్చినా గేరు తడబడుతుంది. డీరైలరు వేలాడే చిన్న కొక్కెం రవ్వంత వంగితే చాలు, టిక్కుటిక్కుమని సణుగుడు. పాత ఎనిమిది వరసల చైను ముప్పావు శాతం అరిగేదాకా ఓర్చుకునేది. కొత్తదాన్ని అర శాతం దగ్గరే మార్చమంటారు. సరళతని కొనుక్కుని దానికి సేవ చేయడంలోనే ఆయన ఆనందమంతా ఉంది.

అసలు చైనులో బాగుచేయడానికి మిగిలింది ఎంత అన్నది ఇంకో ప్రశ్న. 1999లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ స్పైసర్ బృందం సైకిలు చైనుని పరీక్షిస్తే, సామర్థ్యం గరిష్ఠంగా 98.6 శాతం తేలింది. చక్రం చిన్నదయ్యేకొద్దీ నష్టం పెరుగుతుందనీ తేలింది. బావగారు 11 పళ్ళది వదిలి 10 పళ్ళదానికి దిగారని ఇక్కడ గుర్తుచేయడం మర్యాద కాదేమో. ప్రయోగశాలలో శుభ్రమైన చైనుకి నూనె పెట్టినా పెట్టకపోయినా సామర్థ్యంలో పెద్ద తేడా రాలేదట. ఈ సంగతి ఆయన అలమరలోని మూడు రకాల చైను నూనెలకి తెలియకుండా చూడాలి.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కొనుగోళ్ళ జాబితా. 10 పళ్ళ చక్రం పాత హబ్బు మీద కూర్చోదు. మైక్రో స్ప్లైన్ అనే కొత్త గాడుల గొట్టం కావాలి. పాత హబ్బుకి ఆ గొట్టం రాదు కాబట్టి హబ్బు మార్చాలి. పుల్లలన్నీ విప్పి మళ్ళీ అల్లడం కన్నా కొత్త చక్రం నయం. పాత చైను లావు, కొత్త చైను. పాత డీరైలరు చెయ్యి 51 పళ్ళ దాకా అందదు, కొత్తది. దాని కేబులు లాగే కొలత వేరు, కొత్త షిఫ్టరు. ఆపైన క్రాంకు, క్రాంకు వెంట దాని ఇరుసు. ఇది మన సన్నాసి గోచీ కథే కదా అనిపిస్తుంది. కానీ ఆ సన్నాసికి, ఎలుకల కోసం పిల్లిని తెచ్చినప్పుడు, ఆవూ పెళ్ళీ రాబోతున్నాయని తెలియదు పాపం. బావగారికి జాబితా అంతా ముందే కంఠతా వచ్చు. పాత హబ్బు మీదే కూర్చునే 11 నుంచి 50 పళ్ళ పన్నెండు వరసల క్యాసెట్టు బజారులో ఉందనీ, చక్రం మార్చే పని తప్పుతుందనీ కూడా తెలుసు. చెప్పి చూడండి, "అది రాజీ" అంటారు. (ఇవన్నీ నాకెలా తెలుసని అడక్కండి.)

చైను అరగడం నిజం కదా, మార్చక తప్పదు కదా అని ఇంట్లోవాళ్ళే ఆయన్ని వెనకేసుకొస్తారు. నిజమే. వికారాబాద్ అనంతగిరి ఎర్రమట్టిలో వానాకాలం నాలుగుసార్లు తిరిగిన చైనుని చూస్తే జాలేస్తుంది. కానీ అరుగుదల తేల్చడానికి పిల్లల స్టీలు స్కేలు చాలు: పన్నెండు అంగుళాలు ఉండాల్సిన లింకులు అంగుళంలో పదహారో వంతు ఎక్కువ తేలితే చైను మార్చాలి, అంతే. అరగంట పని. ఆ అరగంటే ఆయనకి నచ్చదు. ఇంట్లో చేస్తే కూలీ మిగులుతుందన్న వాదనని క్యాసెట్టు మరని 40 న్యూటన్ మీటర్ల దగ్గర ఆపడానికి తెప్పించిన టార్క్ పానా ఖరీదు ముందు పెట్టి వదిలేద్దాం. ఎడమ పెడలు మర తిరగేసి ఉంటుందన్నది మర్చిపోయి ఊడదీయబోయి ఇంకా బిగించిన పూట సంగతి కూలీ లెక్కలోకి రాదు.

ఇక చివరి ఆక్షేపణ, దీనికి నా దగ్గర సగం జవాబే ఉంది. మౌంటెన్ బైకు పుట్టిందే ఇలాంటి బావగార్ల వల్ల. కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో 1970ల్లో గ్యారీ ఫిషర్, జో బ్రీజ్, చార్లీ కెల్లీ లాంటివాళ్ళు లావు టైర్ల పాత సైకిళ్ళకి గేర్లూ డ్రమ్ము బ్రేకులూ తగిలించి కొండ మీంచి దొర్లేవారు. 1976 అక్టోబరులో మొదలైన వాళ్ళ పందేనికి రీప్యాక్ అని పేరు. వెనక బ్రేకులో గ్రీజు కాలిపోయి ప్రతిసారీ మళ్ళీ కూరాల్సి వచ్చేది కాబట్టి. ఆ కొండ దిగడంలో ఫిషర్ రికార్డు 4 నిమిషాల 22 సెకన్లు. తేడా ఇక్కడే: వాళ్ళు బిగించినదాన్ని గడియారం కొలిచేది, బావగారు బిగించినదాన్ని వంటింటి కాటా కొలుస్తుంది. "నలభై గ్రాములు తగ్గింది" అని కేకేస్తే లోపలినుంచి "ఆ కాటా కడిగి పెట్టండి" అని జవాబొస్తుంది. అయినా అనంతగిరి అడవిలో ఎవరి చైనో తెగినప్పుడు, పదిమంది గడియారపు వీరులూ నిలబడి చూస్తుంటే, జేబులోంచి లింకు తీసి అయిదు నిమిషాల్లో వాళ్ళని ఇంటిదారి పట్టించేది ఈయనే. అప్పుడు ఆయన ముఖం చూడాలి, డీజిలు గిన్నె కూడా క్షమించేస్తాం.

పని ముగిసి బైకు సెల్లారులో రెండు చుట్లు తిరుగుతుంది. "ఏడో గేరులో చిన్న చప్పుడొస్తోంది" అంటారు, కొడుక్కి ఉద్యోగం వచ్చినంత తృప్తిగా. మంచం కింద అట్టపెట్టెలో పాత చక్రం, క్యాసెట్టు, చైను, రెండు డీరైలర్లు, షిఫ్టర్లు, క్రాంకు, ఇరుసు భద్రంగా ఉన్నాయి. ఒక్క ఫ్రేము దొరికితే ఇంకో బైకు తయారవుతుందట. లెక్క వేసి చూశాను, నిజమే. ఫ్రేముతో పాటు హ్యాండిలూ సీటూ ముందు చక్రమూ ఉంటే చాలు.