ర్యామ్ చీటీకి టీకా తాత్పర్యాలు

మూలం: 8జీబీ 1ఆర్ఎక్స్8 పీసీ4-2666వీ-ఎస్ఏ1-11

అవతారిక: పాత ల్యాప్‌టాప్‌కు మరో 8జీబీ తోడు చేద్దామని సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లినవారిని దుకాణదారు ముందుగా అడిగేది, "పాతది తెచ్చారా సార్?" అని. ఆ పాత ర్యామ్ మీది తెల్లచీటీలో ఉన్నదే పై మూలం. కర్త పేరు లేదు, ఛందస్సును నిర్ణయించింది మాత్రం జెడెక్ అనే ప్రమాణాల సంస్థ.

ప్రతిపదార్థం: 8జీబీ = ఎనిమిది గిగాబైట్ల చోటు గలదియు; 1ఆర్ = ఒకే ర్యాంకు గలదియు; ఎక్స్8 = చిప్పు ఒక్కింటికి ఎనిమిదేసి బిట్లు గలదియు (64 బిట్ల దారికి చిప్పులెన్నో పాఠకులే గుణించుకొందురు గాక); పీసీ4 = డీడీఆర్4 వంశమున పుట్టినదియు; 2666 = సెకనుకు సుమారు 266 కోట్ల మార్పిడులు చేయునదియు; వీ = 19-19-19 అను జాప్యము గలదియు; ఎస్ = ల్యాప్‌టాప్‌లో ఇముడు పొట్టి దేహము, అనగా సోడిమ్ రూపము గలదియు; ఏ1 = సర్క్యూటు నమూనా; 11 = తన వివరములు తానే చెప్పుకొను బుల్లి చిప్పులోని రాత 1.1వ కూర్పు.

తాత్పర్యం: ఇది డీడీఆర్4 ల్యాప్‌టాప్ ర్యామ్. కొనేవాడికి కావలసింది 'పీసీ4', 'ఎస్' మాత్రమే, తక్కినదంతా పాండిత్యం.

పాఠాంతరం: కొన్ని ప్రతుల్లో 2666 బదులు 21300 కనిపిస్తుంది. 2666ను ఎనిమిది బైట్లతో హెచ్చవేసి, చిల్లర కొట్టేసిన అంకె అది. సరుకు ఒకటే.

ఆక్షేపణ: "సీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్‌లో చూస్తే 1333 అంటోంది. సగం వేగం అంటగట్టాడు!"

సమాధానం: డీడీఆర్ గడియారం ఒక్కసారి కొట్టేలోపు రెండుసార్లు డేటా పంపుతుంది. 1333కి రెట్టింపు 2666. అంగడివాడు నిర్దోషి. 2400 మాత్రమే తెలిసిన యంత్రంలో 3200 ర్యామ్ పెట్టినా సాధారణంగా 2400 దగ్గరే నడుస్తుంది. బేరంలో ఈ అంకె గురించి జరిగే వాదన చాలావరకు వృథా.

యతి విచారం: బంగారు అంచులోని గంటే ఇక్కడ యతిస్థానం. సోడిమ్‌లలో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262. గంటు చోటూ మారుతుంది కాబట్టి యతి తప్పితే స్లాటులో దిగనే దిగదు. అసలు చిక్కు యతి కుదిరి అర్థం చెడే చోట. పీసీ3, పీసీ3ఎల్ రెండింటికీ పిన్నులూ గంటూ ఒకటే, కానీ మొదటిది 1.5 వోల్టులు కోరుతుంది, రెండోది 1.35తో సరిపెట్టుకుంటుంది. 2013లో వచ్చిన ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లు చాలావరకు 'ఎల్' రకాన్నే ఒప్పుకుంటాయి. వాటిలో ఉత్త పీసీ3 హాయిగా కూర్చుంటుంది, తెర మాత్రం వెలగదు.

ఇంత చెప్పీ మూలం మీ ల్యాప్‌టాప్‌లోని స్లాట్ల గురించి ఒక్క ముక్క చెప్పదు. థింక్‌ప్యాడ్ టీ480లో రెండు స్లాట్లుంటే, తర్వాత వచ్చిన టీ490లో కొంత ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి ఒక్క స్లాటు మిగిల్చారు. ఎక్స్1 కార్బన్‌లో అదీ లేదు. అది ప్రక్షిప్తాలకు తావివ్వని గ్రంథం! విండోస్ టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, అందులో మెమరీ చూస్తే స్లాట్ల లెక్క ఉంటుంది గానీ, బోర్డుకు అతికిన ర్యామ్‌ను కూడా అది ఒక్కోసారి స్లాటుగానే లెక్కేస్తుంది. ఫారమ్ ఫ్యాక్టర్ దగ్గర 'సోడిమ్' ఉందో, 'రో ఆఫ్ చిప్స్' ఉందో చూసుకున్నాకే స్క్రూడ్రైవర్ వెతకాలి.