బాపు ఇయ్యని రశీదు

ధర్పల్లిలో మా ఇంటి అర్రలో కూచుని హైదరాబాద్ కంపెనీలకు సాంకేతిక సలహాలు చెబుతుంటాను. ఊరి లెక్కలో నేను ఖాళీగా ఉన్న పిలగాణ్ని. ఆదాయపు పన్ను శాఖ లెక్కలో మాత్రం వృత్తి నిపుణుణ్ని. ఇంత మర్యాద నాకింకెక్కడా దక్కలేదు.

మర్యాద ఉత్తగ రాదు. జీతగాడికి కొత్త పన్ను విధానంలో 75,000 రూపాయల స్టాండర్డ్ డిడక్షన్ ఉంది. దేనికి ఖర్చు పెట్టావని అతణ్ని ఎవరూ అడగరు. సొంతంగా బతికేవాడికి అది లేదు. పని కోసం పెట్టిన ఖర్చు తగ్గించుకోవచ్చు, కాగితం ఉంటే. ల్యాప్‌టాప్ మీద ఏటా 40 శాతం తరుగుదల రాసుకోవచ్చు. నా నడుము తరుగుదలకు కాలమ్ లేదు.

అర్ర కిరాయి అన్నా చూపిద్దామని బాపును రశీదు అడిగాను. "మొదలు ఇరవై ఐదేండ్ల తిండి బిల్లు రాస్త. అది కట్టినంక కిరాయి సంగతి జూద్దాం" అన్నాడు. రశీదు ఆశ అక్కడికే వదులుకున్నాను.

నిజామాబాద్‌లో ఆడిటర్ సారు ఉపాయం చెప్పాడు. లెక్కల పుస్తకాలు లేకుండా, ఆదాయపు పన్ను చట్టం 44ఏడీఏ సెక్షన్ కింద వచ్చినదాంట్లో సగం లాభమని ఒప్పుకుంటే చాలట. సగం! అంత లాభాలుండే లోకమైతే బోధన్‌లో నిజాం షుగర్స్ 2015లో ఎందుకు మూతబడుతుంది? అదే కిరాణా కొట్టు పెట్టుకుంటే నగదు అమ్మకం మీద 8 శాతం, ఫోన్‌పేలో వచ్చినదాని మీద 6 శాతం లాభమన్నా సరిపోయేది. ఇంజినీరింగ్ చదివినందుకు సగానికి ఎక్కాను. బాపు పసుపుకైతే పన్నే లేదు. పసుపు ధర చూసినవాడెవడూ దానికి కుళ్లుకోడు.

ఇంత చేసీ నా సంపాదన 12 లక్షల దరిదాపుల్లో లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో అంతవరకు కట్టాల్సిన పన్ను సున్నా. అయినా కంపెనీ వాళ్లు ఫీజు ఇచ్చేటప్పుడే పదోవంతు టీడీఎస్ కోసి సర్కారుకు జమ చేస్తారు. లేని పన్నుకు ముందే కోత! నా పైసలు నాకు తిరిగి రావాలంటే పన్ను జమలు చూపే 26ఏఎస్ పత్రంలో ఆ కోత కనబడాలి, రిటర్న్ వేయాలి, ఓటీపీ కోసం మిద్దె ఎక్కాలి.

ఆడిటర్ సారు తన ఫీజుకు మాత్రం అడగకుండానే రశీదు ఇచ్చాడు. దాన్ని ఖర్చు కింద చూపలేను. సగం లాభమని ఒప్పుకున్నాక మిగతా సగంలోనే అన్ని ఖర్చులూ కలిసిపోయినట్టట.