చక్రం కింద నిమ్మకాయ

మా బామ్మర్ది కారు కొన్నాడు. కొన్నది కారు కాదు, కేసు అని మూడో వారంలో తెలిసింది.

హైదరాబాద్‌లో ఓ సెకండ్ హ్యాండ్ కార్ల షెడ్డు. పేరు చెప్పను. చెప్పినా, మీరు వెళ్లేసరికి బోర్డు మారిపోయి ఉంటుంది. "అన్నా, డాక్టర్ సాబ్ నడిపిన బండి. ఇంటికెల్లి దవాఖానకు, దవాఖానకెల్లి ఇంటికి. మీటరు సూడు, ముప్పై ఎనిమిది వేలే. ఇంజనుకు పానా తగల్లే" అన్నాడు ఓనరు. మన దగ్గర అమ్మకానికొచ్చే పాత కార్లన్నీ డాక్టర్లు నడిపినవే. ఇంతమంది డాక్టర్లుండి పల్లె దవాఖానలకు ఎందుకు దొరకరో నాకిప్పటికీ అంతుపట్టదు.

3,80,000కు బేరం తెగింది. షెడ్డు ముందే కొబ్బరికాయ కొట్టారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. మా ఊరి పక్కనే నకిరేకల్‌లో నిమ్మ మార్కెట్ ఉన్నోళ్లం, నిమ్మకాయ దగ్గర మాత్రం మోసపోలేదు. రసగుల్లాల్లాంటి కాయలు.

మూడో వారం తిరుమలగిరి చౌరస్తాలో బండి ఆగిపోయింది. మెకానిక్ బానెట్ ఎత్తలేదు. డ్రైవర్ డోరు తెరిచి, కాళ్ల దగ్గరికి వంగి చూశాడు. క్లచ్ పెడల్ రబ్బరు మా తాత చెప్పులా నున్నగా అరిగిపోయి ఉంది. తర్వాత డోరు పక్క పట్టీ మీద మురికిని గోటితో గీకాడు. ఆయిల్ మార్చినప్పుడు అంటించే స్టిక్కరు బయటపడింది: 'మళ్లీ సర్వీసు 1,20,000 కి.మీ.'

"మీటరు యెన్కకు తిప్పిండ్రు గని అన్నా, స్టిక్కరు పీకుడు మర్శిండ్రు" అన్నాడు మెకానిక్.

లోపాలున్న కారును అమెరికావాళ్లు నిమ్మకాయ అంటారు. జార్జ్ అకెర్లాఫ్ అనే ఆర్థికవేత్త 1970లో ఈ నిమ్మకాయల మీదే ఓ వ్యాసం రాశాడు. బండి గుట్టు అమ్మేవాడికే తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకే కొనేవాడు అన్నిటికీ ఒకే భయంతో తక్కువ ధర అడుగుతాడు, ఆ ధరకు మంచి బండ్లవాళ్లు అమ్మరు, చివరికి అంగట్లో నిమ్మకాయలే మిగులుతాయి. పత్రికలు మొదట ఆ వ్యాసాన్ని తిప్పి పంపాయి. 2001లో దానికే నోబెల్ వచ్చింది. వాళ్లు నిమ్మకాయను కారు అని అమ్మితే మోసమన్నారు. మనం కారు కింద నిమ్మకాయ పెట్టి నిశ్చింతగా ఉన్నాం.

బామ్మర్ది ఫోన్ చేస్తే ఓనరు నవ్వాడట. "కేసేస్తవా? ఎయ్యి. హైదరాబాద్ సుట్టు తిరుగుడే నీ పని." పాపం, అతనికి తెలిసిన వినియోగదారుల చట్టం కూడా సెకండ్ హ్యాండే, 1986 మోడల్. 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో కొన్నవాడు తన నివాసముండే చోటే ఫిర్యాదు చేయొచ్చు. మనకు నల్లగొండలోని జిల్లా వినియోగదారుల కమిషన్ చాలు. ఇచ్చిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు సున్నా. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. గడువు రెండేళ్లు. ఇంత మంచి చట్టం చూసి బామ్మర్దికి కళ్లు చెమర్చాయి.

"బావా, ఇగ గెలిచినట్టే!"

"కాయితాలేవి?" అన్నాను.

తీశాడు. ఒకటి, విజిటింగ్ కార్డు వెనక 'ముట్టినయి' అన్న ఒక్క మాట. రెండు, తాను సంతకం పెట్టిన డెలివరీ కాయితం: 'వాహనం పరిశీలించి ఉన్నది ఉన్నట్టుగా తీసుకున్నాను.' షెడ్డులో వాళ్లు చెప్పిందంతా నోటిమాట. మనం చెప్పిన ఒక్క ముక్క మాత్రం రాతపూర్వకం. బ్రోకర్ కమీషన్ మాటమీదే నడుస్తుంది. జిల్లా కమిషన్‌కు కాయితం కావాలి.

2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలరుకు రవాణాశాఖ అధికార పత్రం ఉండాలి. షెడ్డులో అది చూశావా అని అడిగితే, "గోడకు శానా పటాలున్నయి బావా, అన్నిటికీ దండం పెట్టిన" అన్నాడు. ఇక కేసంటారా, ఎదుటివాడికి నోటీసు అందిన నాటి నుంచి మూడు నెలల్లో, బండిని పరీక్షించాల్సి వస్తే అయిదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. అందాలంటే ముందు ఆ అడ్రసులో మనిషుండాలి కదా.

నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చున్నప్పుడు మా మేనకోడలు ఫోన్ తెచ్చింది. స్టేటస్ పెట్టుకోడానికి పూజ వీడియో తీసిందట. నిమ్మకాయల మీదికి బండి కదులుతోంది. పక్కన ఓనరు, చేతిలో కొబ్బరి చిప్ప, కెమెరా వైపు తిరిగి పళ్లన్నీ కనబడేలా: "ముప్పై ఎనిమిది వేలు, తిప్పని మీటరు. నాది గ్యారంటీ!"

ఎవరూ అడగకుండానే 'తిప్పని' అన్నాడు చూడండి, అక్కడ దొరికాడు.

ఫిర్యాదు వేశాం. స్టిక్కరు ఫొటో, పెడల్ ఫొటో, 'ముట్టినయి', వీడియో అన్నీ జతచేశాం. చక్రం కింద నలిగిన నిమ్మకాయ బండిని కాపాడలేదు గానీ సాక్ష్యానికి పనికొచ్చింది.

వాయిదాకు నల్లగొండకు ఆర్టీసీ బస్సులోనే పోతున్నాం. కారు ఆ దూరం రాదు. వెనక సీట్లో బామ్మర్ది రెండు టికెట్లూ చూసుకుంటూ నిట్టూర్చాడు: "బండి మీ చెల్లె పేరు మీద కొంటే అయిపోవు బావా, కేసు గూడ ఆమె పేరుతోనే ఉండు. వాయిదాలకు బస్సు ఫ్రీ."