కోటుకు టికెట్టు, సూదికి డ్యూటీ

మా కడప జిల్లాలో ఎంబీబీఎస్ పాసైనవాళ్ల ముందు రెండు పరీక్షలుంటాయి. ఒకటి పీజీ ఎంట్రన్సు, రెండోది అసెంబ్లీ ఎన్నిక. రెండోదానికి సిలబస్ తక్కువ, సీట్లు ఇంకా తక్కువ, ఖర్చు మాత్రం మేనేజ్‌మెంట్ కోటాను మించి. అయినా మావాళ్లు బాగానే నెగ్గుకొచ్చారు.

లెక్క చూడండి. వై.ఎస్. రాజశేఖరరెడ్డి గుల్బర్గాలో వైద్యం చదివి, జమ్మలమడుగు మిషన్ ఆస్పత్రిలో పనిచేసి, 1973లో పులివెందులలో తండ్రి పేరున 70 పడకల ఆస్పత్రి పెట్టాడు. 1978లో ఎమ్మెల్యే, 2004లో ముఖ్యమంత్రి. ప్రొద్దుటూరు ఎం.వి. రమణారెడ్డి డాక్టరు, రచయిత, 1983లో ఎమ్మెల్యే. మైసూరారెడ్డి డాక్టరు, ఒకప్పటి హోంమంత్రి. డి.ఎల్. రవీంద్రారెడ్డి డాక్టరు, ఏకంగా ఆరోగ్యమంత్రే. 2019లో జమ్మలమడుగులో గెలిచిన సుధీర్‌రెడ్డి డాక్టరు. అదే ఏడు బద్వేలులో గెలిచిన వెంకటసుబ్బయ్య డాక్టరు. ఆయన 2021లో కాలం చేస్తే ఉప ఎన్నికలో గెలిచిన ఆయన భార్య దాసరి సుధ కూడా డాక్టరే.

2011 మే నెలలో జరిగిన కడప లోక్‌సభ ఉప ఎన్నిక గుర్తుందా? వై.ఎస్. డాక్టరు గారబ్బాయి జగన్ మీద కాంగ్రెస్ ఒక డాక్టరును, తెలుగుదేశం ఇంకో డాక్టరును నిలబెట్టాయి. ఆరోగ్యమంత్రి డి.ఎల్. ఒకవైపు, మైసూరా ఇంకోవైపు. జగన్‌కు 5.45 లక్షల మెజారిటీ వచ్చింది. డాక్టర్లిద్దరికీ డిపాజిట్లు దక్కలేదు. ఐసీయూకు తీసుకుపోయేంత టైము కూడా ఇవ్వలేదు ఓటర్లు.

సంతోషం. జిల్లాకు ఇంతమంది వైద్యులు ఏలికలయ్యారు. అయితే వీళ్లలో ఒక్కరైనా నర్సు లేకుండా ఒక్కపూట ఓపీ నడిపారా? ఒక్క ఆపరేషన్ చేశారా? ఆ పక్కన నిలబడి కత్తెర అందించినవాళ్లలో, రాత్రంతా సెలైన్ సీసా చూస్తూ కూర్చున్నవాళ్లలో ఎవరు ఎమ్మెల్యే అయ్యారు? ఎవరు మంత్రి అయ్యారు? విభజన తర్వాత మన ఆరోగ్యశాఖను ఆళ్ల నాని చూశారు, సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చిన విడదల రజిని చూశారు, ఇప్పుడు సత్యకుమార్ యాదవ్ చూస్తున్నారు. ఆ కుర్చీలో కూర్చోడానికి వైద్యం తెలియాల్సిన పని లేదని ఎప్పుడో తేలిపోయింది. మరి వైద్యం తెలిసిన నర్సు కూర్చుంటే ఏమవుతుందని భయం? తెలిసినవాళ్లు కూర్చోవడం ఆనవాయితీ కాదేమో.

నర్సు విలువకు మా దగ్గర ఒక పాత సాక్ష్యం ఉంది. ప్రొద్దుటూరు నియోజకవర్గంలో ఉత్తరాన రాజుపాలెం మండలం. ఉత్తరం అంటే ఇక్కడ హిమాలయం కాదు, నంద్యాల జిల్లా పొలిమేర. నల్లరేగడి నేల, శనగ పంట, పక్కన కుందూ. ఈ మండలంలోనే వెల్లాల ఉంది. అక్కడ కొలువైన ఆంజనేయుడు సంజీవరాయుడు. యుద్ధంలో లక్ష్మణుడు పడిపోతే నాడి చూసి మందు పేరు చెప్పినవాడు సుషేణుడు. అంటే కన్సల్టెంటు. రాత్రికి రాత్రి ఎగిరిపోయి, చెట్టు ఏదో గుర్తు తెలీక కొండకు కొండే ఎత్తుకొచ్చినవాడు హనుమంతుడు. అంటే నైట్ డ్యూటీ. మన ముత్తాతలు గుడి ఎవరికి కట్టారు? మోసుకొచ్చినవాడికి. సుషేణుడికి గుడి ఎక్కడైనా ఉంటే చూపించండి, మొదటి టెంకాయ నేను కొడతా. చీటీ రాసినవాడి తెలివిని ఎవరూ కాదనలేదు. కానీ తెల్లారేలోపు మందు మంచం కాడికి చేరిందా లేదా అన్నదే రోగికి కావాల్సిందని ఆ పాతకాలం వాళ్లకు తెలుసు. మనం చదువుకున్నాం కాబట్టి వరస తిరగేశాం.

ఇప్పుడు పల్లెలోని విలేజ్ హెల్త్ క్లినిక్‌లో బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి కూర్చుంటుంది. ఆ పోస్టును మొదట మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్ అన్నారు. తర్వాత కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ అన్నారు. ఆఫీసర్ అన్నారు కదా అని జీపూ, అటెండరూ, తలుపు మీద గంటా ఉంటాయనుకునేరు. కాంట్రాక్టు ఉద్యోగం. బీపీ, షుగరు, బాలింత, పసిబిడ్డ, కుక్కకాటు, పక్షవాతం వచ్చి మంచాన పడిన ముసలాయన, అన్నీ ఆమె ఖాతాలోనే. మందుల గదిలో ఏది అయిపోయిందో, ఏది అయిపోబోతోందో ఆమెకే తెలుసు. సూది ఒక చేత్తో, సెల్లు ఇంకో చేత్తో. పొద్దున ఒక యాప్‌లో ఎక్కించిన పేరునే మధ్యాహ్నం ఇంకో యాప్‌లో ఎక్కించాలి. సిగ్నల్ కోసం మిద్దె ఎక్కాలి. అదేమని అడిగితే అది డిజిటల్ ఆరోగ్యం. ఈ ఆఫీసర్లే జీతం, పీఎఫ్, ఉద్యోగ భద్రత కావాలని 2025లో రాష్ట్రమంతా సమ్మె చేశారు. ఆఫీసర్లు టెంటు కింద కూర్చుని ధర్నా చేయడం మన పాలనలో కొత్త అధ్యాయం, రాసుకోవాలి.

ఇప్పుడు అసలైన ఉత్తరానికి పోదాం. కెనడాలో నార్త్‌వెస్ట్ టెరిటరీస్ అని ఒక ప్రాంతం ఉంది. మన ఆంధ్రప్రదేశ్‌కు ఎనిమిది రెట్లు పెద్దది. జనం మాత్రం సుమారు 45 వేలు, ప్రొద్దుటూరు పట్టణంలో మూడోవంతుకు కూడా రారు. చలికాలంలో అక్కడి ఇనువిక్ పట్టణంలో దాదాపు నెల రోజులు సూర్యుడు పొడవడు. ఆ ఊరి నర్సు లీసా సెమ్లర్. ఇనువియాలుయిట్ అనే ఆదివాసీ తెగ మనిషి. 2019లో శాసనసభకు ఎన్నికైంది. 2023 డిసెంబరులో ఆ ప్రాంతానికి ఆరోగ్యమంత్రి అయింది.

మన నాయకులు ఇది నమ్మరు, నాకు తెలుసు. మొదటి అనుమానం, ఏ పార్టీ? ఏ పార్టీ లేదు. ఆ శాసనసభలో పార్టీలే లేవు. 19 మంది సభ్యులు కూర్చుని ముఖ్యమంత్రినీ మంత్రులనూ తమలోంచే ఎన్నుకుంటారు. బీఫారం లేకుండా ప్రభుత్వం నడుస్తుందని చెబితే ప్రొద్దుటూరులో మతి చలించిందంటారు. రెండో అనుమానం, ఆమె వెనక ఎవరున్నారు? చిన్న చిన్న ఊళ్లున్నాయి. ఆ ఊళ్లలో చాలాచోట్ల డాక్టరు ఉండడు, అప్పుడప్పుడు విమానంలో వచ్చి పోతాడు. మిగతా రోజుల్లో కాన్పు నొప్పులైనా, గుండెనొప్పైనా ఆరోగ్య కేంద్రంలో నర్సే. నర్సు చేతిలో ప్రాణం పెట్టినవాళ్లకు నర్సు చేతిలో శాఖ పెట్టడానికి చెయ్యి వణకలేదు.

ఆమె మంత్రి కాగానే అక్కడ సంజీవని మొలిచిందని నేను చెప్పను. నర్సులు చాలక చిన్న ఊళ్ల కేంద్రాలు అత్యవసర కేసులు మాత్రమే చూస్తామని బోర్డు పెట్టిన సందర్భాలు అక్కడా ఉన్నాయి. ఏజెన్సీల నుంచి తాత్కాలిక నర్సులను తెచ్చుకునే తిప్పలూ ఉన్నాయి. 2024 చివర్లో ఆమె ఆరోగ్య సేవల సంస్థ పాలకమండలిని పక్కనపెట్టి దానికి ఒక అడ్మినిస్ట్రేటర్‌ను నియమించింది. అది మంచిదా చెడ్డదా అని అక్కడివాళ్లు వాదించుకున్నారు. వాదించుకోనీ. నర్సు మంత్రి తప్పు చేయొచ్చు, తిట్లు తినొచ్చు, వచ్చే ఎన్నికలో ఓడిపోవచ్చు. డాక్టరు మంత్రులకూ, లాయరు మంత్రులకూ, ఏమీ చదవని మంత్రులకూ మనం ఇచ్చిన హక్కే కదా అది. నర్సు మాత్రం దేవతగా ఉండాలి, లేదంటే సస్పెండై ఉండాలి. మధ్యలో మామూలు మనిషిగా తప్పొప్పులు చేసే కుర్చీ ఆమెకు వేయలేదు మనం.

కెనడా దూరమంటారా, బొంబాయికి రండి. 2019లో ముంబయి మేయరైన కిశోరీ పెడ్నేకర్ ఒకప్పుడు నర్సు. 2020 ఏప్రిల్‌లో కరోనా ముదిరినప్పుడు ఆమె మళ్లీ నర్సు దుస్తులు వేసుకుని నాయర్ ఆస్పత్రికి పోయింది. ఫొటో కోసమేనన్నవాళ్లూ ఉన్నారు. కావచ్చు. ఆ రోజుల్లో మన నాయకులు కూడా ఫొటోలు దిగారు, నిమ్మకాయలు పంచుతూ, కూరగాయలు పంచుతూ. ఆమె ఫొటోలో కనీసం దుస్తులు సొంతవి.

ఆ 2020నే ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. ముహూర్తం ఎంత బాగా కుదిరిందో చూడండి. మే 3న దేశమంతా ఆస్పత్రుల మీద హెలికాప్టర్లు పూలు చల్లాయి. కింద ఆవరణ ఎవరు ఊడ్చారో ఏ చానలూ చూపించలేదు. ఆ తొమ్మిది రోజులకే మే 12, నర్సుల దినోత్సవం వచ్చింది. అది ఏటా వస్తుంది. ఏటా ఒక శాలువా, ఒక కొవ్వొత్తి, నైటింగేల్ పటానికి ఒక దండ, ఒక ఉపన్యాసం. ఉపన్యాసంలో త్యాగం అనే మాట ఎన్నిసార్లు వస్తే ఆ ఏడు జీతం ఫైలు అంత కిందికి పోతుందని అనుభవజ్ఞులు చెబుతారు. పైగా ఆ దండ వేయించే రోజున వార్డులో ఉండాల్సిన సిస్టర్లు సభలో ముందు వరసలో చప్పట్లకు కూర్చోవాలి. రోగులు సర్దుకుంటారు. వాళ్లకు అలవాటే.

ఆశా కార్యకర్తల సంగతి ఇంకా బాగుంటుంది. 2005లో జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు పుట్టిన ఉద్యోగం అది. ఉద్యోగం అన్నానా, క్షమించాలి, ప్రభుత్వ భాషలో అది సేవ. ఊళ్లో ఎవరు నెల తప్పారో రాసుకోవాలి, ఐరన్ మాత్రలు మింగించాలి, నొప్పులొస్తే అర్ధరాత్రి 108 ఎక్కించి తోడు పోవాలి. అన్నేళ్లు ఊరి కాన్పులన్నీ లెక్కపెట్టిన ఆ మనిషికి తన కాన్పుకు 180 రోజుల జీతంతో సెలవు ఇస్తామని మన రాష్ట్ర ప్రభుత్వం చెప్పింది 2025 మార్చిలో. అదీ మొదటి రెండు కాన్పులకు. 20 ఏళ్ల నాడు చేరినవాళ్లకు ఈపాటికి మనవళ్లు. సెలవును మనవడి పేర బదిలీ చేసుకోవచ్చా అని అడిగితే జీవో చూసి చెబుతామంటారు.

మరి జిల్లాలో ఆరోగ్యం మీద చర్చే లేదా? ఉంది, రోజూ ఉంది, మైకు పగిలిపోయేంత ఉంది. పులివెందుల మెడికల్ కాలేజీ. 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లు ఇస్తామంది. సౌకర్యాలు లేవు, సిబ్బంది లేరు, మాకొద్దని ప్రభుత్వం ఉత్తరం రాసింది. వచ్చిన సీట్లను వెనక్కి పంపడం అన్యాయమని ఒక పక్షం, కట్టకుండానే కట్టామన్నారని ఇంకో పక్షం. 2025 సెప్టెంబరులో ఆ కాలేజీని ప్రైవేటు భాగస్వామ్యానికి ఇచ్చే జాబితాలో చేర్చారు. మళ్లీ అరుపులు, సంతకాల ఉద్యమాలు. ఆ గొడవలో న్యాయం ఉంది, పేదపిల్లల సీట్లు పోతే ఎవరికైనా మండుతుంది. కానీ రెండు పక్షాల ప్రెస్‌మీట్లూ వినండి. ఎంబీబీఎస్ సీట్లు ఎన్ని, ఎకరాలు ఎన్ని, కోట్లు ఎన్ని. ఒక్క నాయకుడైనా, ఈ ఆస్పత్రికి రాత్రిపూట ఎంతమంది స్టాఫ్ నర్సులు కావాలి అన్నాడా? భవనం కట్టొచ్చు, డాక్టరును బదిలీ మీద తేవొచ్చు. రాత్రి రెండు గంటలకు ముప్ఫై మంది రోగుల మధ్య ఒక్కతే తిరిగే మనిషిని ఏ టెండరులో పిలుస్తారు?

ఇంత చెప్పాక, ఎవరైనా నర్సమ్మ ధైర్యం చేసి టికెట్టు అడిగిందనుకుందాం. ముప్ఫై ఏళ్లు సర్వీసు చేసి రిటైరైన మనిషి. మండలంలో ప్రతి ఇంటి గడపా తెలుసు, సగం మంది ఓటర్లకు మొదటి టీకా వేసింది ఆమే. ఏ పార్టీ అన్నది మీ ఇష్టం, మీకు తోచిన కండువా ఆ నాయకుడికి వేసుకోండి. సంభాషణ మారదు.

"ఏమ్మా, బాగుండావా? ఏం పనిమీద వచ్చినావు?"

"బాగుండానన్నా. ఈసారి టికెట్టు అడుగుదామని వచ్చినా."

"బస్సు టికెట్టా?"

"ఎమ్మెల్యే టికెట్టన్నా."

నాయకుడు పక్కనున్నవాళ్ల దిక్కు చూస్తాడు. పక్కనున్నవాళ్లు నేల దిక్కు చూస్తారు.

"మంచిదేమ్మా, తప్పు లేదు. ఎంత పెట్టుకోగలవు?"

"నా కాడ ఏముందన్నా, పింఛనుంది. జనం ఉండారు. కాన్పులు చేసినా, సూదులేసినా, కరోనాలో ఇంటింటికీ తిరిగినా."

"అది సేవ కదమ్మా. సేవకు ఓట్లు రావు, పుణ్యం వస్తాది. మీ ఆయన ఏం చేస్తాండాడు? కాంట్రాక్టులేమన్నా?"

"టైలరన్నా."

"మీ వాళ్లవి ఈ మండలంలో ఎన్ని ఓట్లుండాయి?"

"నేను సూదేసేటప్పుడు అది అడగలేదన్నా."

"అడగాల్సిందమ్మా, అప్పుడే రాసిపెట్టుకోనుంటే ఈ పొద్దు పనికొచ్చేది. పోనీ, డాక్టరన్నా అయ్యుంటే ఒక మాట వేసి చూద్దుము. మనకు ఆస్పత్రులు నడపడం వచ్చినోళ్లు కావాల గదా."

"ఆస్పత్రి నడిపింది మేమేనన్నా. డాక్టరు వారానికి..."

"ఆ మాట బయట అనొద్దు తల్లీ, ఆయన మన మనిషి. సరే, నిన్ను ఊరికే పంపించను. మహిళా విభాగంలో ఏదో ఒకటి చూస్తా. ముందు ఒక పని చెయ్. ఆదివారం ప్రొద్దుటూరులో మన సభ ఉంది. ఎండలు చూస్తాండావు గదా, జనం పడిపోతారు. స్టేజీ ఎనకాల టెంటు వేయిస్తా. నువ్వు ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, బీపీ మిషనూ పట్టుకోని పొద్దున్నే ఎనిమిదికంతా వచ్చెయ్. ఇంకో ఇద్దరు ఆశాలను కూడా తోలుకోని రా. బత్తాలు మీరే పెట్టుకోండి, తర్వాత చూద్దాం."